నాలుగో ప్యానెల్

రుద్రూర్,
మే 6

ఉమారాణి బాపుకి,

నీ గంగమణి రాసేది. నేను ఇక్కడ క్షేమం. నువ్వెట్లా ఉన్నావో అడగను. అడిగితే ఏం చెప్తావో నాకు తెలుసు. "ఇయ్యాల ఎండ మంచిగ కొట్టింది, బ్యాటరీ పన్నెండు గంటలకే నిండింది" అంటావు.

నిన్న పొద్దున నువ్వు వ్యాన్ కప్పు మీద ఉన్నప్పుడు నేను సంచి పట్టుకుని వాకిట్లోంచే నడిచి బస్టాండుకు పోయాను. నువ్వు చూడలేదు. బోధన్‌లో బస్సు మారి మధ్యాహ్నానికి మా చెల్లె సుమిత్ర ఇంటికి చేరాను. సాయంత్రం నీ ఫోన్ వచ్చింది. భయపడి చేశావనుకున్నాను. "స్పానర్ల డబ్బా ఏడ వెట్టినవ్?" అన్నావు. ఇల్లు విడిచి ఎనిమిది గంటలైనా నేను ఇంట్లో లేనని నీకు తెలియలేదు. సుమిత్ర పక్కనుంచి విని నోరు తెరిచింది.

ఫోన్‌లో నీతో నేను మాట్లాడలేను. ఒక మాట మొదలుపెడితే నువ్వు అందుకుని వోల్టుల్లోకి, ఆంపియర్లలోకి తీసుకుపోతావు. కాగితం మీదైతే మధ్యలో అందుకోలేవు కదా. బీడీలు చుట్టేటప్పుడు వాడకట్టు ఆడవాళ్ళందరికీ ఇరవై ఏళ్ళు వారపత్రికలు చదివి వినిపించినదాన్ని, నాలుగు పేజీలు రాయడం నాకు కష్టమేం కాదు. ఈ ఉత్తరం బోధన్ డిపో డ్రైవర్‌ చేతికిచ్చి పంపిస్తున్నాను. నీ పేరు చెబితే "మా ఆశన్న సారుకా? ఇయ్యమ్మా" అని జేబులో పెట్టుకున్నాడు.

మొదట నేను సంతోషపడ్డాననే మాట దాచను. రిటైర్ అయ్యాక ఏడాదంతా కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగావు. ఒకరోజు ఏదో బడివాళ్ళు అమ్మేసిన పాత మినీబస్సు తోలుకొచ్చి వాకిట్లో నిలబెట్టి, "గంగమణీ, ఇగ మనం దేశం తిరుగుదాం. ఇల్లే మనెంబడి వస్తది" అన్నావు. సీట్లు పీకేసి మంచం వేశావు, వంటకు బండ వేశావు. ముప్పై మూడేళ్ళ డ్రైవర్ నౌకరీలో నువ్వు పోని ఊరు లేదు. నేను నాందేవ్ వాడలో మన ఇంటి నుంచి బీడీ కార్ఖానాకు, కార్ఖానా నుంచి నాందేవ్ వాడకు నడిచాను. అందుకే నాకూ ఆశ పుట్టింది. మంచానికి దుప్పటి నేనే కుట్టాను.

తర్వాత సోలార్ ప్యానెళ్ళు వచ్చాయి. మూడు నెలలు నువ్వు వాటితోనే కాపురం చేశావు. అన్నం తింటూ అదే మాట, చాయ్ తాగుతూ అదే మాట. పాలీ రకం మంచిదా, మోనో రకం మంచిదా? కప్పు మీద జాగా తక్కువ, మోనో అయితే కొంచెం జాగాలోనే ఎక్కువ కరెంటు ఇస్తుంది కాబట్టి మోనోనే కావాలన్నావు. సరేనన్నాను. ఇంకో రోజు చాపలా వంగే పల్చటి ప్యానెళ్ళున్నాయని, జిగురుతో కప్పుకు అంటిస్తే చాలని గంతులేశావు. బోధన్ సీమోను బిడ్డ రెబెకా, ఐటీఐ చదివి సోలార్ పని చేసే ఆ పిల్ల, వచ్చి నిన్ను ఆపింది.

"అంకుల్, గవి రేకుకు అతుక్కోని ఉంటయి. కింద గాలాడది. మన ఇందూరు ఎండలకు మాడిపోతయి. గాజు ప్యానెళ్ళే తీసుకో. అల్మినం పట్టీల మీద నాలుగు వేళ్ళ ఎత్తుల బిగిద్దాం. కింద గాలి తిరిగితె ప్యానెల్ సల్లగుంటది, కరెంటు మంచిగొస్తది."

ఆ మాట నీకు ఎంత నచ్చిందో! వాడకట్టులో ఎవరు కనపడినా చెప్పావు, ప్యానెల్ కింద గాలి ఆడాలని. ఆ ప్యానెల్ కింద ఉండబోయే మనిషికి గాలి ఆడాలని మాత్రం నీకు తోచలేదు.

నేను నిన్ను అడిగింది ఒకే ఒక్కటి. వంటబండకు సరిగ్గా పైన, వ్యాన్ కప్పుకు ఒక చిన్న కిటికీ ఉండేది. తోస్తే పైకి లేచే రేకు మూత. దాన్ని అట్లాగే ఉంచు అన్నాను. ఎందుకో నీకు తెలియదా? పోయిన ఏడాది డాక్టర్ ఎక్స్‌రే లైటుకు పట్టి చూపించినప్పుడు నా పక్కన కుర్చీలో కూర్చున్నది నువ్వే కదా. ముప్పై అయిదేళ్ళ తంబాకు దుమ్ము నా ఊపిరితిత్తుల్లో పేరుకుందని ఆయన చెప్పాడు. మూసిన గదిలో పొయ్యి దగ్గర నేను పావుగంట ఉండలేను. "గట్లనే ఉంచుత" అన్నావు.

మొన్న శనివారం నేను మీ ఇద్దరికీ చాయ్ తెచ్చేసరికి మూడు ప్యానెళ్ళు కప్పెక్కాయి. నాలుగోది పట్టుకుని రెబెకా ఆగింది. వెనకవైపు నీళ్ళ ట్యాంకు ఉంది, మిగిలిన జాగా ఆ కిటికీ మీదే. "అంకుల్, గిది వెడ్తె కిటికీ మూసుకపోతది. ఆంటీ ఒప్పుకున్నదా?" అంది ఆ పిల్ల. నేను నీకు మూడడుగుల దూరంలో, చాయ్ కప్పులతో నిలబడి ఉన్నాను. నువ్వు నా వైపు తిరగనైనా తిరగలేదు.

"ఆమెకేం తెల్వదు. నువ్వు బిగియ్యి."

రెబెకా నన్ను చూసింది. నాకంటే ఆ పిల్లకే ఎక్కువ సిగ్గేసింది. నువ్వు కిటికీ మూత చుట్టూ తెల్లటి జిగురు పూసి, వేలితో నున్నగా సాపు చేశావు. చుక్క నీరు దిగదని మెచ్చుకున్నావు. గాలి కూడా దిగదు.

ఆ మాట విన్నాక నాకు నీ నోటి నుంచే వచ్చిన ఇంకో మాట గుర్తొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ నాటిది. దాన్ని మనిద్దరం ఎన్నడూ ఎత్తలేదు. ఇవాళ ఎత్తుతున్నాను.

అప్పుడు నువ్వు నిజామాబాద్ నుంచి బోధన్ బస్సు నడిపేవాడివి. మా అవ్వకు పానం బాగాలేదని కబురొస్తే, నేను కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి, బీడీలు చుట్టే చేట చంకలో ఉండగానే బస్టాండుకు ఉరికాను. చూస్తే నీ బస్సే. ప్రాణం లేచొచ్చింది. జనం నిండి ఉన్నారు, వెనక నిలబడ్డాను. కండక్టర్ టికెట్ అడిగితే, "డ్రైవర్ సాబ్ మా ఇంటాయన. మా పాసు ఆయన తాననే ఉన్నది" అన్నాను. అతను నా చేట చూశాడు, గోధుమరంగు పట్టిన నా వేళ్ళు చూశాడు. పళ్ళన్నీ బయటపెట్టి ముందుకు కేకేశాడు.

"ఆశన్నా! గీ బీడీలామె మీ ఇంటామెనంట. నిజమేనా?"

నువ్వు అద్దంలోకి చూశావు. నా కళ్ళు, నీ కళ్ళు కలిశాయి. కలవలేదని మాత్రం అనకు.

"నాకు తెల్వదు. టికెట్ కొట్టు" అన్నావు.

బస్సంతా నవ్వింది. నేను టికెట్ తీసుకున్నాను. జానకంపేట దాటాక సీటు ఖాళీ అయింది, అయినా కూర్చోలేదు. నీ వీపు చూస్తూ బోధన్ దాకా నిలబడే వచ్చాను. మూడు రోజుల తర్వాత ఇంటికొస్తే "అవ్వకెట్లుంది?" అన్నావు. మంచిగుంది అన్నాను. అన్నం వడ్డించాను. ఆ అన్నం నీకు ఎట్లా దిగిందో, వడ్డించడానికి నాకు చెయ్యి ఎట్లా లేచిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

అప్పుడు "నాకు తెల్వదు" అన్నావు, ఇప్పుడు "ఆమెకేం తెల్వదు" అన్నావు. మధ్యలో ఉన్న ఇరవై ఎనిమిదేళ్ళు నేను నీ ఇంట్లో ఏమై ఉన్నట్టు?

ఆ వ్యాన్‌లో నేను రాను. నువ్వు నాలుగు ప్యానెళ్ళు, ఫ్రిజ్, టీవీ పెట్టుకుని హాయిగా దేశం తిరుగు. నన్ను తెలియదన్న మనిషి పక్కన కూర్చుని ఊళ్ళు చూడాలని నాకు లేదు.

ఇట్లు,
గంగమణి

—

నిజామాబాద్,
మే 9

గంగమణికి,

ఆశన్న రాసేది. నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదు. నాకు నీలా రాయడం రాదు. డ్యూటీలో లాగ్‌షీటు తప్ప ఏమీ రాయలేదు.

నువ్వు అనుకున్నట్టు నాలుగో ప్యానెల్ టీవీ కోసం కాదు. ఫ్రిజ్ కోసం. ఆ ఫ్రిజ్ ఎవరి కోసం? నేను చల్లనీళ్ళు తాగడానికా? నీ ఇన్సులిన్ కోసం. మే నెల ఎండలో రోడ్డు మీద ఉంటే ఆ మందు రెండు రోజుల్లో పాడవుతుంది. వానాకాలంలో మూడు రోజులు మబ్బు పట్టినా ఫ్రిజ్ ఆగకూడదని నాలుగు పెట్టించాను. నీ ప్రాణం కోసమే పెట్టించాను. అంత పెద్ద ఉత్తరంలో ఈ సంగతి ఒక్క ముక్క రాయలేదు నువ్వు.

కిటికీ పోతే పక్క కిటికీలు ఆరు ఉన్నాయి. ఫ్యాన్ కూడా ఉంది. కోపం తగ్గించుకుని రా. వచ్చే వారం మొదటి ట్రిప్పు వేద్దాం.

స్పానర్ల డబ్బా దొరికింది.

ఇట్లు,
ఆశన్న

—

రుద్రూర్,
మే 14

ఉమారాణి బాపుకి,

గంగమణి రాసేది. నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి గట్టిగా, సుమిత్రకు వినపడేటట్టు చదివాను. నేను నీకు రాసింది దానికి ముందే చదివి వినిపించాను. అది చెరుకు తోటకు పోబోతున్నదల్లా గడప మీద కూలబడి, "బావ గిన్ని రాసిండు గని, అక్కా, నువ్వడిగిందానికి జవాబేదే?" అంది.

దాని ప్రశ్న తర్వాత. ముందు నీ ఫ్రిజ్ సంగతి.

నా ఇన్సులిన్ కోసమా? అయితే నన్ను అడగడానికి ఏమడ్డమొచ్చింది? మందు నాది, ఊపిరి నాది. ఒకదాని కోసం ఇంకోదాన్ని మూసేయడానికి నీకు ఎవరు అధికారం ఇచ్చారు? నా పేరు పెట్టి నా గాలి మూశావు, పైగా మెచ్చుకోలు కోసం చెయ్యి చాపుతున్నావు. పక్క కిటికీలు ఆరున్నాయన్నావు. పొయ్యి వేడి, పోపు పొగ పక్కకు పోతాయా, పైకి పోతాయా? నీ ఫ్యాన్ ఆ వేడిగాలినే తిప్పి తిప్పి నా ముఖాన కొడుతుంది. వంట చేసేది నేను కాబట్టి నాకు తెలుసు. నువ్వు ఆ బండ దగ్గర అయిదు నిమిషాలు నిలబడి చూశావా?

శనివారం రెబెకా రుద్రూర్ వచ్చింది. సుమిత్ర ఇంటాయన, లింబయ్య మరిది వాళ్ళ పొలం పక్కన సోలార్ మోటారు చూడ్డానికి వచ్చి, నేనిక్కడున్నానని తెలిసి ఇంటికొచ్చింది. చాయ్ తాగుతూ తల వంచుకుని, "ఆంటీ, ఆ రోజు నేను బిగియ్యకపోతుంటి. అంకుల్ పెద్దమనిషి, ఎదురు చెప్పలేకపోయిన. ఆదివారం చర్చిల కూసున్నా గదే యాదికొచ్చింది" అంది. ఆ పిల్లకు వచ్చిన బాధ నీకు రాలేదు.

నేను అడిగాను. "బిడ్డా, నాకు సమజయ్యేటట్టు చెప్పు. ఏది ఎంత కరెంటు తింటది?"

"నువ్వే లెక్క వెయ్యి ఆంటీ, నేను చెప్త" అంది. మన బిడ్డ ఉమ పాత నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్నాను. రోజుకు వేల బీడీలు కట్టలు కట్టి లెక్క అప్పజెప్పినదాన్ని, కార్ఖానాలో పద్దులు రాసే మునీమే నాతో లెక్కలో గెలవలేదు. ఏ వస్తువు ఎన్ని వాట్లు, రోజుకు ఎన్ని గంటలు, రెండూ గుణిస్తే అయిపోయింది. దీనికోసమా నువ్వు మూడు నెలలు తల పట్టుకున్నావు? ఇంట్లో వాడే పెద్ద ఫ్రిజ్ ఒక్కటే మిగతా అన్నిటికంటే ఎక్కువ తింటుంది. లైట్లు, ఫ్యాన్, టీవీ, ఫోన్లు అన్నీ కలిపినా దాని సగం కావు.

"మందు సీసాలు వెట్టెతందుకు గంత పెద్ద ఫ్రిజ్ ఎందుకు?" అని అడిగాను.

రెబెకా నవ్వింది. "గదే నేను అంకుల్‌కు చెప్పిన. బ్యాటరీ మీద సీదా నడిచే చిన్న డబ్బా ఫ్రిజ్‌లుంటయి. నీ మందు, రెండు పాల ప్యాకెట్లు, ఇన్ని కూరగాయలు పడ్తయి. పెద్దదాంట్ల మూడో వంతు కరెంటు గూడ తినది. గప్పుడు మూడు ప్యానెళ్ళు ఎక్కువైతయి ఆంటీ, మబ్బు రోజులతోని సహా."

ఇంకొకటి కూడా చెప్పింది. నాలుగో ప్యానెల్ మీద మధ్యాహ్నం నుంచి నీళ్ళ ట్యాంకు నీడ పడుతుందట. నీడపడ్డ ప్యానెల్ తాను ఇచ్చేది సగానికి సగం పడిపోవడమే కాదు, దానితో కలిపి కట్టినవాటిని కూడా వెనక్కి లాగుతుందట. నా కిటికీని మూసిన ఆ ప్యానెల్ పూట పని కూడా సరిగ్గా చేయదు! "ఆమెకేం తెల్వదు" అన్నావు. ఒక్క పూటలో తెలుసుకున్నాను. నువ్వు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే ఆ జిగురు పూసే పనే ఉండేది కాదు.

ఇక సుమిత్ర అడిగిన ప్రశ్న.

నేను నీకు ఒక బస్సు సంగతి రాశాను. నీకు రాసేదాకా నేను ఎవ్వరికీ, నన్ను కన్న మా అవ్వకు కూడా చెప్పుకోని సంగతి. రాస్తూ రాస్తూ రెండు కాగితాలు చింపేశాను. నువ్వు దాని గురించి ఒక్క అక్షరం రాయలేదు. ఫ్రిజ్‌కు జవాబిచ్చావు, ఫ్యాన్‌కు జవాబిచ్చావు, స్పానర్ల డబ్బా దొరికిందని రాశావు. నాకు జవాబివ్వలేదు.

నువ్వు తప్పైందని అంటే చాలని నేను కూర్చోలేదు. ఆ మాట ఎవరైనా అంటారు. ఎందుకన్నావు? అద్దంలో నన్ను చూసి, నేనని తెలిసి, ఎందుకన్నావు? నాకు కారణం కావాలి. ఎంత పాడు కారణమైనా సరే, ఉన్నది ఉన్నట్టు రాయి. అది రాయలేకపోతే ఇంకో ఉత్తరం రాయకు, ఫోన్ చేయకు.

ఇట్లు,
గంగమణి

—

బోధన్,
మే 22

గంగమణికి,

ఆశన్న రాసేది. ఇది బోధన్ డిపో ఎదురుగా వ్యాన్‌లో కూర్చుని రాస్తున్నాను. ఎనిమిది రోజులు పట్టింది. రోజూ మొదలుపెట్టి ఆపాను.

ముందు తేలిక పని చెప్తాను. నీ ఉత్తరం చదివాక నేను మిట్టమధ్యాహ్నం వ్యాన్‌లోకి పోయి, పొయ్యి వెలిగించి చాయ్ పెట్టాను. ఫ్యాన్ వేసుకున్నాను. నువ్వు రాసినట్టు అయిదు నిమిషాలు నిలబడదామని. చాయ్ పొంగక ముందే చొక్కా తడిసి, గుండె బరువై, బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. నా ఊపిరితిత్తులకు ఏ రోగమూ లేదు. మర్నాడు రెబెకాను పిలిచి నాలుగో ప్యానెల్ దింపించాను. పట్టీల బోల్టుల రంధ్రాలు పూడ్చాం. కిటికీ జిగురు మాత్రం నేనే గీకాను, ఆ పిల్లను ముట్టనివ్వలేదు. పెద్ద ఫ్రిజ్ ఇంట్లోకే పోయింది, నీ మందుకు చిన్న డబ్బా ఫ్రిజ్ వచ్చింది.

ఇక రెండోది.

నేను డిపోలో కొత్తగా చేరిన రోజుల్లో అందరూ చాయ్ తాగుతూ ఇళ్ళ సంగతులు మాట్లాడుకునేవారు. ఒకని భార్య నర్సు, ఒకని భార్య పోస్టాఫీసులో. మీ ఇంటామె ఏం చేస్తుందన్నారు. టీచర్ అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయాను. ఏ బడి అన్నారు, ఒక బడి పేరు చెప్పాను. ఆరేళ్ళు ఆ అబద్ధాన్ని మోశాను. నిన్ను డిపో పెళ్ళిళ్ళకు, పూజలకు ఎందుకు తీసుకుపోలేదో నీకిప్పుడు తెలిసి ఉంటుంది. బడికి సెలవు లేదని చెప్పేవాణ్ణి.

ఆ రోజు కండక్టర్ నర్సింలు కేకేసినప్పుడు అద్దంలో నువ్వు కనపడ్డావు. నిన్ను చూశాను. అవునంటే ఆరేళ్ళ అబద్ధం బస్సు నిండా జనం ముందు బయటపడుతుంది. అందుకే అన్నాను. ఇంకే కారణమూ లేదు. నీ చేతులు కాదు, నీ వాసన కాదు. ఇంటికొచ్చి చెబుదామనుకున్నాను. నువ్వు అన్నం వడ్డించావు. నువ్వే మరిచిపోయావు కాబోలు అనుకోవడం నాకు సులువైంది.

కాగితం మీద రాస్తే చాలదనిపించి ఇవాళ పొద్దున బోధన్ వచ్చాను. నర్సింలు రాకాసిపేటలో ఉంటున్నాడు, వాడు కూడా రిటైర్ అయ్యాడు. అరుగు మీద కూర్చోబెట్టాడు. నేను చాయ్ రాకముందే, ఉన్న పళంగా చెప్పేశాను.

"నర్సింలూ, ఇరవై ఎనిమిదేండ్ల కింద మన బస్సుల ఒక బీడీలామె నేను డ్రైవర్ పెండ్లాన్నన్నది. యాదికున్నదా? ఆమె నిజంగనే మా ఇంటామె. టీచర్ అన్నది అబద్ధం."

వాడు భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు. "నీ పెండ్లాం టీచర్ అని డిపో అంత ఎర్క. గందుకే ఆమె అబద్ధమాడుతుందనుకోని నవ్విన. అయ్యో, ఎంత పనైపాయె ఆశన్నా." ఇంక తల కిందికి వేసి, "మా లసుంబాయి గూడ బీడీలే జేస్తది. నువ్వు టీచర్ అంటివి, ఇంకొకడు నర్సు అనె. నాకు నోరు రాలే. కుట్టుమిషన్ ఉన్నదని చెప్పిన అందరికి" అన్నాడు.

పదేళ్ళు ఒకే బస్సులో డ్యూటీ చేశాం గంగమణీ. ఒకరి డబ్బాలో ఒకరం తిన్నాం. వాడి భార్య, నువ్వు ఒకే పని చేస్తున్నారని నాకు తెలియదు, వాడికి తెలియదు.

ఇంతలో లోపలి నుంచి లసుంబాయి బయటికొచ్చింది. ఒళ్ళో నుంచి దించిన చేట ఇంకా చేతిలోనే ఉంది. అంతా విన్నది.

"కుట్టుమిషనా?" అంది. "నేను సూదిల దారం గూడ ఎక్కియ్య. ఇంట్ల పొద్దుగూకులు బీడీలు జేసి నీ ముగ్గురు పిల్లల్ని సదివిస్తి. బయట నాకు కుట్టుమిషన్ అని పేరు వెడ్తివా?"

నర్సింలు ఏదో అనబోయాడు. "నువ్వు మాట్లాడకు" అని నా వైపు తిరిగింది. "అన్నా, ఆ అక్క నంబరియ్యి నాకు." ఇచ్చాను. చాయ్ రాలేదు. మేమిద్దరం ఆ అరుగు మీద బడి పిల్లల్లా కూర్చున్నాం.

నువ్వు రమ్మంటే రుద్రూర్ వస్తాను. వద్దంటే ఇంటికి పోతాను. ఈసారి నేను ఏదీ ముందే అనుకోలేదు.

ఇట్లు,
ఆశన్న

—

రుద్రూర్,
మే 25

ఉమారాణి బాపుకి,

గంగమణి రాసేది. నువ్వు ఉన్నది ఉన్నట్టే రాశావు. లసుంబాయి అక్క కూడా ఫోన్ చేసి అదే చెప్పింది, కాబట్టి నమ్ముతున్నాను.

కోపం పోయిందని రాయను. పోలేదు. ఇన్నేళ్ళు నాలో ఏదో లోపముందనుకున్నాను. సబ్బుతో వేళ్ళు తోమి తోమి తోలు లేపుకున్న రోజులున్నాయి. పెళ్ళిళ్ళకు పోతే చేతులు కొంగులో దాచుకున్నాను. అదంతా నువ్వు ఒకరోజు చాయ్ తాగుతూ ఆడిన అబద్ధం వల్ల! ఇంతమాత్రం దానికా అనిపించి, చదివిన రాత్రి నాకు ఏడుపు కంటే మంట ఎక్కువ వచ్చింది. మీరిద్దరూ ఒకరికొకరు భయపడి, మా ఇద్దరిని లేకుండా చేశారు. మేం చుట్టిన బీడీలతో నడిచిన ఇళ్ళవి. దానికి సిగ్గుపడాల్సింది మేమా?

అక్కా నేనూ రోజూ మాట్లాడుకుంటున్నాం. ఆమెకు కూడా నాలాగే దగ్గు. నవ్వితే దగ్గొస్తుంది, అయినా నర్సింలు అన్న కుట్టుమిషన్ మాట తలుచుకుని ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదట. నర్సింలు అన్న ఉప్మా వండడం నేర్చుకుంటున్నాడట.

మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. మొదటి ట్రిప్పు ఎక్కడికో ఈసారి నువ్వే ముందు తేల్చలేదు, అందుకని నేను చెప్తున్నాను. మనవైపు గోదావరిని గంగ అంటారు, నాకు పేరు ఆ గంగదే పెట్టారు. కందకుర్తి దగ్గర ఒడ్డున నిలబడి చూడడమే తప్ప, ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో నేను చూడలేదు. నాందేడ్ మీదుగా, ఒడ్డు పట్టుకుని, అది పుట్టిన త్ర్యంబకం కొండ దాకా పోదాం. తొందరేమీ లేదు. ఎక్కడ మంచిగనిపిస్తే అక్కడ ఆగుదాం. లసుంబాయి అక్క నాతో వస్తుంది. ఆమెకు మరాఠీ వచ్చు, బజారులో పని ఆమెది. నర్సింలు అన్న రావాలంటే వెనక జాగా ఉంది. మేం ఇద్దరం మంచం మీద, మీరిద్దరూ కింద చాప మీద.

ఆదివారం పొద్దున రా. ఎనిమిది గంటల లోపే రా. ప్యానెళ్ళ మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందని, ఎండెక్కి గాజు కాలక ముందే తడిగుడ్డతో తుడవాలని రెబెకా నాకు చూపించింది. సుమిత్ర వాళ్ళ కొట్టం మీద నిచ్చెన వేసుకుని ఎక్కడం, దిగడం నేర్చుకున్నాను. మెట్టు మెట్టుకు ఆగి ఊపిరి తీసుకుంటే ఏమీ కాదు. దారంతా కప్పెక్కి తుడిచేది నేను. నువ్వు కింద నిలబడి నిచ్చెన పట్టుకో.

ఇట్లు,
నీ ఇంటామె
గంగమణి